రాణిగారి రెండు చేతులు

అనగనగా ఒక రాజు. ఆ రాజు పేరు మణిమంతుడు, ఆయన ఏలే పట్నం కంకణపురం. ఆయనకి ఒక రాణి, ముగ్గురు కొడుకులు. రాణి పేరు పద్మగంధి. పెద్దకొడుకు మహాబాహువు, నడిపివాడు చిత్రబాహువు, చిన్నవాడు సుబాహువు. ముందే చెబుతున్నాను, ఈ కథలో మాంత్రికుడున్నాడు, చిలకుంది, ఏడు సముద్రాలున్నాయి, చివర పెళ్ళి కూడా ఉంది. అయినా ఇది నవ్వుకుంటూ వినే కథ కాదు. ఏడుపొస్తే ఏడవండి, నేనేమీ అనను. ఊఁ కొట్టడం మాత్రం మానకండి.

కంకణపురంలో ఒక ఆచారం ఉండేది. ఎంత బలశాలి అయినా తన మోపు తాను తలకెత్తుకోలేడు కదా! అందుకని కట్టెల మోపో, గడ్డి మోపో, నిండు బిందో ఉన్నవాళ్ళు దాన్ని దారిపక్కన దించుకుని నిలబడి, "ఒక చెయ్యి వెయ్యండయ్యా" అని పిలిచేవాళ్ళు. అటుగా పోయేవాళ్ళు ఎవరైనా సరే ఆగి, రెండో పక్క పట్టి, తలకెత్తి పోవాలి. గుర్రం మీద పోయేవాడు గుర్రం దిగాలి. పల్లకిలో పోయేవాడు పల్లకి దిగాలి. అడిగినవాడి పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, మొహంలోకి తేరిపార చూడకూడదు. చూస్తే, చేసిన సాయాన్ని గుర్తుపెట్టుకున్నట్టవుతుందని, అది మర్యాద కాదని వాళ్ళు అనుకునేవాళ్ళు. చక్కని ఆచారం. ఆ చక్కని ఆచారమే వాళ్ళ కొంప ముంచింది.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. దీవి నిండా వాడి పొలాలు, వాడి తోటలు, వాడి తిరగళ్ళు. వాడు పుల్ల తీసి పక్కన పెట్టడు. పని చెయ్యడానికి వాడికి చేతులు కావాలి. మనుషులతో పని లేదు, చేతులుంటే చాలు. కంకణపురం ఆచారం సంగతి వాడి చెవిన పడింది. ఇంకేం, ముసలివాడి వేషం వేసుకుని, ఒక కట్టెల మోపు తెచ్చుకుని, పట్నం బయట బాట పక్కన నిలబడ్డాడు.

ఆ రోజు రాణి పద్మగంధి మామిడితోట నుంచి పల్లకిలో వస్తోంది. "ఒక చెయ్యి వెయ్యి తల్లీ" అన్నాడు ముసలివాడు. రాణి పల్లకి ఆపించింది, దిగింది, మొహం చూడకుండా మోపుకి రెండు చేతులూ వేసింది. మోపు దూదిలా లేచి ముసలివాడి తలమీద కూర్చుంది. రాణి చేతులు మాత్రం ఆమె వెనక్కి తీసుకుంటే రాలేదు. ముందుకి చాచుకుని అలాగే నిలబడ్డాయి. తరవాత పడమటి దిక్కుకి లాగడం మొదలుపెట్టాయి. పలుపు పట్టి లాగితే దూడ ఎలా పోతుందో, తన చేతుల వెనకే రాణి అలా పరుగెత్తింది. బోయీలు నడుం పట్టుకుని ఆపబోతే ఆ చేతులే వాళ్ళని కొట్టి తోసేశాయి.

"అయ్యో, ఇవి నా మాట వినడం లేదర్రా!" అని రాణి అరిచింది.

సుబాహువు కోట బురుజు మీద నుంచి చూసి, కిందికి దూకి, పొలిమేర దాకా వెంటపడ్డాడు. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు. "నన్ను ముట్టుకోకు నాయనా, ఇంటికి పో" అంటూనే దాటిపోయింది.

పెద్దకొడుకు మహాబాహువు వెయ్యిమంది సైన్యంతో తల్లిని తేవడానికి బయల్దేరాడు. పది కోసులు పోయేసరికి దారిలో ఒక ముసలివాడు, పక్కన ఒక మోపు. మర్యాద తెలిసినవాడు కదా, గుర్రం దిగి చెయ్యి వేశాడు. మోపు బరువుగా ఉందంటే సైనికులూ చేతులు వేశారు. అందరి చేతులూ అందర్నీ, సముద్రాలు ఈదించి మరీ, దీవికి లాక్కుపోయాయి.

నడిపివాడు చిత్రబాహువు తెలివైనవాడు, కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. "ఎవరు పిలిచినా పలకను, ఎవరికీ చెయ్యి వెయ్యను" అని ఒట్టు పెట్టుకుని వెళ్ళాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. సముద్రం ఒడ్డు దాకా వెళ్ళి, దాటించేవాళ్ళు లేక, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు. ఒడ్డున విన్న కరాళుడి సంగతి తండ్రికి చెప్పి, సలహా ఇచ్చాడు. రాజు చాటింపు వేయించాడు. "ఇకమీదట ఎవరూ ఎవరికీ చెయ్యి వెయ్యకూడదహో!"

ఆ చాటింపుతో కరాళుడికి కొత్త చేతులు దొరకడం ఆగింది. నిజమే. కానీ పట్నం ఏమైందో వినండి. బాటల పక్కన మోపులు మోపుల్లాగే ఎండిపోయాయి. పొద్దుటినుంచి మోపు దగ్గర నిలబడ్డ రైతు పొద్దుగూకాక ఉత్త తలతో ఇంటికి పోయాడు. ఇంటికి దూలం ఎత్తాలంటే ఇద్దరు కావాలి, రెండోవాడు రాడు. నొప్పులు పడుతున్న ఆడమనిషి దగ్గరికి మంత్రసాని వెళ్ళనంది. ఆ బిడ్డ బతకలేదు. చేతులున్నవాళ్ళంతా తమ చేతుల్ని చంకల్లో దాచుకుని తిరిగారు.

ఇక సుబాహువు. వాడికి కావలసింది ఒక్కటే. అమ్మని ఇంటికి తెచ్చుకోవాలి, అమ్మ చేతుల్ని అమ్మకి ఇప్పించాలి. తండ్రి వద్దన్నా వినకుండా బయల్దేరాడు.

మొదటి రోజు దారిలో ఒక ఆవిడ నీళ్ళబింద పెట్టుకుని నిలబడి ఉంది. "ఒక చెయ్యి వెయ్యి బాబూ, పిల్లలు దాహంతో ఉన్నారు" అంది. సుబాహువు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పోనీలే నాయనా, నీ భయం నీది" అంది ఆవిడ. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రెండో రోజు ఒక నక్క, పాదంలో తుమ్మముల్లు. "నా నోటికి అందడం లేదు రాకుమారా, నువ్వు లాగు" అంది. చాలాసేపు నిలబడ్డాడు. ముల్లు కనబడుతూనే ఉంది. అయినా వెళ్ళిపోయాడు. దాని ఏడుపు చాలా దూరం వినబడింది. ఏమర్రా, అలా చూస్తారు? కథల్లో రాకుమారులు ముగ్గురికీ సాయం చేస్తారనే కదా మీరనుకున్నది? వీడు చెయ్యలేదు. వీడికి భయం వేసింది.

మూడో రోజు మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డుకి చేరాడు. అక్కడ ఇసకలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఉంది. ఎండకి దాని పొట్ట కాలిపోతోంది.

"నాలుగు కాళ్ళున్నాయి, ఒక్కటీ నేలకి అందడం లేదు. నన్ను బోర్లా తిప్పు బాబూ" అంది తాబేలు.

"నువ్వు కరాళుడివి కాదని నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు. నేను తాబేలునే అని ఎంత చెప్పినా, వాడూ అలాగే చెబుతాడుగా."

సుబాహువు ఇసకలో కూలబడి ఏడ్చాడు. ముందు సముద్రం. వెనక్కి పోదామంటే ఆ బింద, ఆ ముల్లు. వాడికి పోవడానికి చోటు లేదు. లేచి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ వేసి తాబేలుని తిప్పాడు. తిప్పి, పది వేళ్ళూ ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు. కదిలాయి. దీన్ని ధైర్యం అనకండి. అదృష్టం, అంతే.

తాబేలు వాడిని వీపు మీద ఎక్కించుకుని ఉప్పు సముద్రం దాటింది, చెరకుపాల సముద్రం దాటింది, అలా ఏడు సముద్రాలూ దాటి కరాళుడి దీవిలో దించింది.

దీవిలో ఎటు చూసినా పనే. మూడువేల మంది మనుషులు. చేతులు దున్నుతున్నాయి, కోస్తున్నాయి, దంచుతున్నాయి. మొహాలు మాత్రం ఏడుస్తున్నాయి. మహాబాహువు నాగలి పట్టుకుని ఎదురుపడ్డాడు. తమ్ముణ్ణి చూసి, "వచ్చావా తమ్ముడూ! అమ్మ తిరగళ్ళ దగ్గరుంది" అన్నాడు. చేతులు మేడి వదలలేదు, అవే అతన్ని చాలు వెంట లాక్కుపోయాయి.

అమ్మ తిరగలి ముందు కూర్చుని ఉంది. తిరగలికి అవతలివైపు ముత్యాలి అనే జాలరి పిల్ల. నాలుగు చేతులు కలిసి సజ్జలు విసురుతున్నాయి. వేళ్ళు పగిలి పిండిలో నెత్తురు పడుతోంది.

"దగ్గరికి రాకు నాయనా, ఈ చేతులకి నువ్వెవరో తెలియదు" అంది అమ్మ.

"కరాళుణ్ణి ఎలా చంపాలమ్మా?"

"ఈ పిండి ఎవరికనుకున్నావు? చిలకకి. కరాళుడు అన్నం తిని కునుకు తీసే వేళకి అది వచ్చి నా అరచేతిలో వాలి తింటుంది. వాడి ప్రాణం అందులో ఉంది."

సుబాహువు సజ్జల బస్తాల వెనక నక్కాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, కరాళుడి గురక మొదలైంది. చిలక వచ్చి రాణి అరచేతిలో వాలింది. వాడు ఒక్క గెంతు గెంతి దాన్ని పట్టుకున్నాడు.

"రాకుమారా, నా మెడ విరిస్తే కరాళుడు చస్తాడు. నేను కాదనను," అంది చిలక. "కానీ ఈ చేతులన్నిటిలో ఆడుతున్నది వాడి ప్రాణమే. వాడు పోతే ఇవీ పోతాయి. ఒంటికి వేలాడతాయి, వేలు కూడా కదలదు. నన్ను వదిలేస్తే కదులుతూనే ఉంటాయి, వాడివిగా. ఆపైన నీ ఇష్టం."

ఇంత దూరం వచ్చింది దీనికా? ఏడు సముద్రాలూ అమ్మ చేతుల కోసమే కదా దాటింది! "వేరే దారి లేదా?" అన్నాడు సుబాహువు.

"లేదు."

"విరిచెయ్యి" అంది అమ్మ. "చచ్చిన చేతులైనా నావే అవుతాయి."

"నా చేతులు వలలు అల్లేవి" అంది ముత్యాలి. "అవి పోతే నాకేం మిగులుతుంది? ఒక్క క్షణం ఆగు. నన్ను కాస్త ఆలోచించుకోనీ."

ఆగుదామనే అనుకున్నాడు సుబాహువు. పొలాల్లో ఉన్న వాళ్ళందరినీ కూడా అడుగుదామనుకున్నాడు. ఇంతలో చిలక కెవ్వుమని అరిచింది. కరాళుడు ఉలిక్కిపడి లేచాడు. "పట్టుకోండి!" అన్నాడు. మూడువేల జతల చేతులు కొడవళ్ళతో, రోకళ్ళతో సుబాహువు మీదికి మనుషుల్ని లాక్కొచ్చాయి. అందరికంటే ముందు అమ్మ చేతులే వాడి గొంతు పట్టుకున్నాయి. నులుముతున్నాయి. అమ్మ మొహం వాడి మొహానికి జానెడు దూరంలో ఉంది. "విరిచెయ్యరా, విరిచెయ్యి!" అని అరుస్తోంది.

విరిచేశాడు.

కరాళుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే బూడిదయ్యాడు. కొడవళ్ళూ రోకళ్ళూ దీవి అంతటా నేల మీద పడ్డాయి. అమ్మ చేతులు వాడి గొంతు మీద నుంచి జారి ఆమె ఒడిలో పడ్డాయి. ఎవరూ జయజయధ్వానాలు చెయ్యలేదు. అందరూ తమ చేతుల వంక చూసుకుంటూ నిలబడ్డారు.

"నన్ను ఆలోచించుకోనియ్యలేదు నువ్వు" అంది ముత్యాలి.

తిరుగుప్రయాణం చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు. తాబేలు తన చుట్టాలనందరినీ పిలిచింది. వందల తాబేళ్ళు వచ్చాయి. కానీ వీపు మీద కూర్చున్నవాళ్ళు పట్టుకోవాలి కదా, దేనితో పట్టుకుంటారు? సుబాహువు తీగలు తెచ్చి ఒక్కొక్కరినీ కట్టాడు. ఉన్నవి వాడి రెండు చేతులే. మూడో సముద్రంలో గాలివాన వచ్చింది. అయిదో సముద్రంలో మళ్ళీ వచ్చింది. బయల్దేరింది మూడువేల మంది, ఒడ్డు చేరినవాళ్ళు రెండువేలకి తక్కువ. జారిపోయేవాళ్ళు చేతులు చాచను కూడా చాచలేకపోయారు.

కంకణపురం చేరేసరికి కోట తలుపులు మూసి ఉన్నాయి. ఆ వేలాడే చేతుల్ని ముట్టుకుంటే తమకీ అంటుకుంటుందని చిత్రబాహువు మూయించాడు. రాణి వచ్చిందని విని ముసలి రాజు పరుగున వచ్చి గడియ మాను ఎత్తబోయాడు. అది ఇద్దరు ఎత్తే మాను. చుట్టూ చూశాడు. భటులందరూ చేతులు చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నారు, ఆయన చాటింపు ప్రకారమే. రాజు తలపాగా తీసి కింద పెట్టాడు. "తప్పైపోయింది. ఒక చెయ్యి వెయ్యండయ్యా" అన్నాడు. ఒక ముసలి భటుడు వచ్చి చెయ్యి వేశాడు. వెనకే చిత్రబాహువు కూడా వచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి.

రాజు రాణి చేతులు ఎత్తి కళ్ళకద్దుకుని భోరున ఏడ్చాడు. ఆ రోజు నుంచి రాణికి లోటంటూ లేదు. పదిమంది దాసీలు. ఒకతె జడ వేస్తుంది, ఒకతె చేతులెత్తి గాజులు తొడుగుతుంది, ఒకతె అన్నం పెడుతుంది. గుడికి తీసుకెళ్ళి చేతులు జోడించి దండం పెట్టిస్తారు, వాళ్ళే విప్పుతారు. ఎవరిలోనూ కల్మషం లేదు, అందరివీ మంచి మనసులే. రాణి మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది, నోరు తెరవడం మానేసింది.

ఒకనాడు సుబాహువు తనే పళ్ళెం తెచ్చుకుని, ముద్ద కలిపి, అమ్మ నోటి దగ్గర పెట్టాడు. ఆమె పెదవులు బిగించింది.

"తినమ్మా. నీ కోసం కదూ ఇంత చేశాను!"

"కరాళుడు కూడా నా చేతుల్ని అడక్కుండానే ఎత్తేవాడు" అంది అమ్మ.

సుబాహువు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"దండం ఎవరికి పెట్టాలో నాకు తెలుసు, ఎప్పుడు పెట్టాలో నాకు తెలుసు" అంది అమ్మ. "ఒకరి సాయం లేకుండా నీళ్ళు కూడా తాగలేను, అదీ తెలుసు. సాయం వద్దంటున్నానా? ఆకలి నాది. ముద్ద ఎప్పుడు కావాలో నేను చెబుతాను, అప్పటిదాకా ఆగడం మీకెవరికీ చేతకాదేం?"

వాడు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె "ఊఁ, ఇప్పుడు పెట్టు" అంది. పెట్టాడు. తింటూ ఆమె ఏడ్చింది, వాడూ ఏడ్చాడు. ఆగడం అంత సులువని అనుకోకండి. చేతులున్నవాళ్ళకి చేతులు ఊరుకోవు. రాజ్యమంతటా, చేతులున్న ప్రతి ఇల్లూ చేతులు లేని ఒకరిని తెచ్చుకోవాలని సుబాహువు తండ్రి చేత చెప్పించాడు. కొన్ని ఇళ్ళు తెచ్చుకున్నాయి. కొన్ని ఇళ్ళు సణిగాయి. కొన్ని తలుపే తియ్యలేదు.

ఇక పెళ్ళి. సుబాహువు సముద్రపు ఒడ్డుకి వెళ్ళి ముత్యాలిని, "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు. "చేసుకోను" అంది. మరుసటేడు వెళ్ళి అడిగాడు. "చేసుకోను" అంది. మూడో ఏడు వెళ్ళి అడిగాడు. ఆ పిల్ల పడవ పక్కన కూర్చుని, వల ఎలా అల్లాలో చెల్లెలికి నోటితో చెబుతోంది.

"ప్రతిసారీ అడుగుతావేం?" అంది.

"ఆ రోజు నీ జవాబు కోసం ఆగలేకపోయాను. అందుకని."

ముత్యాలి ఆ పూటంతా ఆలోచించుకుంది. వాడు ఆ పూటంతా ఇసకలో కూర్చున్నాడు. సాయంత్రానికి "సరే" అంది. క్షమించిందా అని అడగకండి. చేసుకుంటానంది, అంతవరకే నాకు తెలుసు.

చేతులు వేలాడుతున్న మహాబాహువు తనకి సింహాసనం వద్దన్నాడు, చిత్రబాహువు సిగ్గుపడి అడగలేదు. పెళ్ళికీ పట్టాభిషేకానికీ ఒకే ముహూర్తం పెట్టారు. బాజాలు మోగాయి, తాళి కట్టాడు. కొత్త దంపతులు వచ్చి రాణి కాళ్ళ దగ్గర వంగారు. తల్లి అక్షింతలు వెయ్యాలి. పక్కనున్న దాసీ, పేరు చెంగల్వ, అలవాటు కొద్దీ రాణి చెయ్యి పట్టుకుని, అక్షింతలు పోసి, పైకి ఎత్తబోయింది.

"వదులు" అంది రాణి.

చెంగల్వ భయపడి చెయ్యి వదిలేసింది. అక్షింతలు నేల మీద పడ్డాయి. బాజాలు ఆగిపోయాయి. అయ్యో, తల్లి దీవించనంటోంది అని జనం గుసగుసలాడారు. పురోహితుడు ముహూర్తం దాటుతోందన్నాడు. సుబాహువు వంచిన తల ఎత్తలేదు, అమ్మని తొందరపెట్టలేదు. ముత్యాలి కూడా అలాగే ఉంది.

రాణి ఆ రెండు తలలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో ఏముందో, ఏం గుర్తొచ్చిందో ఎవరికి తెలుసు. ఆమెకి కావలసినంత సేపు ఆమె తీసుకుంది.

"చెంగల్వా, పట్టుకోమ్మా. గుప్పెడు పొయ్యి. పైకెత్తు. ఇంకొంచెం. అబ్బాయి వైపు... ఆఁ, అక్కడ. ఇప్పుడు వదులు."

చలనం లేని వేళ్ళ సందుల్లోంచి అక్షింతలు చాలావరకు పక్కనే పడ్డాయి. నాలుగు గింజలు కొడుకు తల మీద పడ్డాయి, మూడు కోడలి జుట్టులో చిక్కుకున్నాయి. "చల్లగా ఉండండి" అంది రాణి.

వాళ్ళు చాలా ఏళ్ళు రాజ్యమేలారు, పిల్లాపాపలతో ఉన్నారు. చేతులా? రాలేదర్రా. ఎవరికీ తిరిగి రాలేదు. రాణి చచ్చిపోయే దాకా, ఎప్పుడు ఎత్తాలో ఆమే చెప్పింది, ఎవరో ఒకరు ఎత్తారు. ఇంతే కథ. ఇది ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళిపోయింది, మీరూ లేవండి.